గొర్రెపాలను పరీక్షింపక పొగడరాదు, తెగడరాదు

చరకసంహితలో చెప్పబడిన ఎనిమిది విధాల పాలలో గొర్రెపాలకు దక్కిన గౌరవం స్వల్పం. అవి ఉష్ణమని, ఎక్కిళ్లను, ఆయాసాన్ని పుట్టిస్తాయని, పిత్తకఫాలను పెంచుతాయని ఆచార్యుడు వ్రాశాడు. పాలన్నింటిలో అహితమైనవి ఇవేనని మరొకచోట తేల్చివేశాడు. గురుకులంలో మేము ఈ భాగాన్ని వల్లె వేసేటప్పుడు గురువుగారు మమ్ములను ఆపి, సుశ్రుతుడు ఏమన్నాడో చెప్పమనేవారు. కేవల వాతరోగాలలోను, వాతం వలన పుట్టిన దగ్గులోను ఇవే పాలు పథ్యమని సుశ్రుతుని మతం. ఎవరికి, ఏ స్థితిలో అన్న విచక్షణ లేకుండా ఒక ద్రవ్యాన్ని గూర్చి తీర్పు చెప్పరాదని ఆయన మాకు నేర్పిన పద్ధతి.

ఇటీవల ఒక తల్లి ఏడాది నిండని బిడ్డను ఎత్తుకొని వచ్చింది. ఆవుపాలు పట్టగానే ఒళ్లంతా దద్దుర్లు. "మా అత్తగారు గొర్రెపాలు పట్టమంటున్నారండీ, పట్టవచ్చునా?" అని అడిగింది. వద్దమ్మా అన్నాను, పిల్లల వైద్యుని వద్దకు పంపాను. కారణం పాఠకులు తెలిసికొనదగినది. పాలు విరిచినప్పుడు గడ్డకట్టే కేసీను, తేటలో మిగిలే లాక్టోగ్లోబ్యులిను అనే మాంసకృత్తులు ఆవు, మేక, గొర్రె పాలలో అక్కచెల్లెళ్ల వలె పోలి ఉంటాయి. అందువలన ఆవుపాలు సరిపడని అలర్జీ ఉన్న పిల్లలలో ఎక్కువమందికి తక్కిన రెండూ సరిపడవు. పాలు మార్చి చూద్దామన్న పెద్దల ఆప్యాయత ఒక్కొక్కప్పుడు ప్రాణం మీదికి తెస్తుంది.

మరి ఈ పాలలో విశేషం లేదా? ఉన్నది. ఆవుపాలలో మాంసకృత్తులు నూటికి సుమారు 3.3 పాళ్లయితే గొర్రెపాలలో 5.5 పాళ్లకు పైబడి ఉంటాయి. కొవ్వు 7 పాళ్ల వరకు ఉంటుంది. మన శాస్త్రం వీటిని గురువు అన్నది ఊరక కాదు. అయితే ఈ అంకెలు ప్రధానంగా సార్డీనియా ద్వీపపు సార్డా, ఫ్రాన్సు దేశపు లకోన్ వంటి, పాల కొరకే పెంచే జాతులవి. వాటిని మన నెల్లూరు, దక్కనీ గొర్రెలకు అంటగట్టడం న్యాయం కాదు. మనవి మాంసం కొరకు, దక్కనీ అయితే గొంగళ్లకు ఉన్ని కొరకు కూడా పెరిగినవి. వీటి పాలు పిల్లకే సరి, మిగిలితే కాపరికి ఒక లోటా.

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1.9 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలున్నాయి. ఇంత సంపద ఉన్నచోట, ఒక్కొక్క జాతి పాలలో ఏ కేసీను ఏ పాళ్లలో ఉన్నదో, అది జఠరంలో ఎట్లు విరుగుతున్నదో విడివిడిగా పరీక్షింపవలెనని నా అభిప్రాయం. ఆలస్యం తగదు. ఉన్ని ధర పడిపోయిన తరువాత దక్కనీ మందలలో నెల్లూరు పొట్టేళ్లను కలపడం పరిపాటి అయింది. శుద్ధజాతి దొరకడమే కష్టమవుతున్నది.

రసవీర్యవిపాకాలను గాజుగొట్టాలు కొలుస్తాయా అని మా వైద్య మిత్రులు నన్ను ఎద్దేవా చేస్తారు. కొలవవు. కాని గురులఘుత్వాలను గూర్చి అవి చెప్పే సాక్ష్యాన్ని వినడానికి మనకు జంకు ఎందుకు? పరీక్షకు ముందే ప్రచారం నడిస్తే ఏమవుతుందో ఏ2 పాల వ్యవహారంలో చూచాము. సీసాలపై ఆ మాటలు తొలగించమని 2024 ఆగస్టులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించి, కొద్ది రోజులకే ఆ ఆదేశాన్ని వెనక్కు తీసికొన్నది. గొర్రెపాలలోని బీటా కేసీను కూడ ఏ2 తరహాదే. రేపు దానికీ బంగారురంగు చీటీ అంటించేవారు రాకపోరు.

పరిశోధించేవారికి ఒక మనవి. ఈని వారమైన గొర్రె పాలు, మూడు నెలలైన గొర్రె పాలు ఒకటి కావు. రోజులు గడిచినకొద్దీ పాలు తగ్గి చిక్కబడతాయి. వానకాలపు పచ్చిక మేత వేరు, వేసవి తుమ్మకాయల మేత వేరు. కనుక నమూనా సీసాపై జాతితోపాటు ఈనిన తేదీ, మేసిన మేత కూడ వ్రాయించండి. ఆ వివరాలు కాపరిని అడిగితే తడుముకోకుండా చెబుతాడు.