గీత దాటితే రక్షణ ఏది?

నర్సీపట్నం దాటి చింతపల్లి ఘాట్ ఎక్కినప్పుడల్లా కంటికి కనిపించని ఒక గీత నాకు గుర్తొస్తుంది. అటు షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడ ఆదివాసీ భూమి గిరిజనేతరుల పాలు కాకుండా 1/70 చట్టం కాపలా కాస్తుంది. ఇటు మైదానంలో ఆ కాపలా లేదు. నిర్వాసితుల సమస్యను ఈ గీత మీద నిలబడే చూడాలి.

నాగార్జునసాగర్‌లో మునగనున్న బౌద్ధ కట్టడాలను విప్పి కొండమీద తిరిగి నిలబెట్టారు. శ్రీశైలం జలాశయం కోసం కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించారు. ఎక్కడికి చేరినా గుడి గుడిగానే నిలిచింది.

పోలవరం ముంపులోని కొండరెడ్లు, కోయల స్థితి వేరు. గీత దాటిన కాలనీలో ఇల్లు దొరకవచ్చు, 1/70 మాత్రం వెంట రాదు. షెడ్యూల్డ్ ప్రాంతం వెలుపలికి తరలించినా రక్షణలు కొనసాగాలని 2013 భూసేకరణ చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. అయితే అవి ఆ చట్టం కింద లభించే రక్షణలే. ఎస్సీ, ఎస్టీలకు భూమికి భూమి ఇవ్వాలన్న హామీ కూడా భూమి కోల్పోయినవారికే. సెంటు భూమి లేని దళిత కూలీకి అందదు.

షెడ్యూల్డ్ ప్రాంత విస్తీర్ణాన్ని పెంచే అధికారం రాజ్యాంగం ఐదో షెడ్యూల్ 6వ పేరా రాష్ట్రపతికి ఇచ్చింది. మనుషుల్ని కదిలించగల ప్రభుత్వాలు ఆ గీతను ఎందుకు కదిలించవు?