ముట్టుకోకపోవడమూ ఒక విద్యే

కుట్టుమిషను మూలిగితే మనం చేసే మొదటి పని దానికి నూనె పోయడం. అప్పటికీ మూలుగు తగ్గకపోతే ఇంకాస్త పోయడం. పుణ్యమూ పురుషార్థమూ రెండూ నూనెడబ్బాలోనే ఉన్నాయని మన నమ్మకం. లక్షలు ఖరీదు చేసే మోటార్లకూ కొన్నిచోట్ల ఇదే వైద్యమట! బేరింగులో గ్రీజు మితిమీరితే లోపలే చిలకబడి, వేడెక్కి, చివరికి బేరింగునే తినేస్తుందని నాకు చెప్పినవాడు మా మేనల్లుడు.

వాడు విశాఖపట్నంలో ఒక కర్మాగారంలో మరమ్మతుల విభాగంలో ఉన్నాడు. రాత్రి భోజనం కాగానే ఇయర్‌ఫోన్లు తగిలించుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాడు. సినిమా పాటలు కావు సుమండీ, ఆన్‌లైన్ తరగతి! ఒకనాడు వాటిని నా చెవులకూ తగిలించాడు. ఒక మోటారు రొద, దాని వెనకే మరొక మోటారు రొద.

“వీటిలో జబ్బు దేనికో చెప్పండి మామయ్యా!” అన్నాడు.

నాకు రెండూ ఒక్కలాగే వినిపించాయి. వాడు తెరమీద గీతల పటం చూపించాడు. నిమిషానికి 1,500 చుట్లు తిరిగే మోటారులో బరువు ఒక పక్కకు ఒరిగిందనుకోండి, సెకనుకు 25 ఊపుల దగ్గర గీత నిక్కబొడుచుకుంటుంది. బేరింగులో గాటు పడితే ఆ చుట్ల లెక్కకు పొసగని వేరే తాళం కనబడుతుంది. ఈ నాడి చూసే విద్యకు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 4 అంతస్తుల పరీక్షలు కూడా ఉన్నాయి.

ఇదంతా సరే. నాకు నచ్చిన పాఠం వేరే ఉంది. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్‌వారు సముద్రం మీద గస్తీ తిరిగే విమానాలను ఇన్ని గంటలకొకసారి అని గడువు పెట్టి విప్పి చూసేవారు. వాడింగ్టన్ అనే ఆయన (వృత్తికి జీవశాస్త్రజ్ఞుడు!) తన బృందంతో లెక్కలు తీస్తే, అలా విప్పి బిగించిన వెంటనే మరమ్మతులు ఎక్కువ వస్తున్నాయని తేలింది. 1978లో నౌలన్, హీప్ అనే అమెరికన్ విమాన సంస్థ ఉద్యోగులు ఇంకా ముందుకు వెళ్ళారు. వారు పరిశీలించిన భాగాల్లో 100కు 11 మాత్రమే వయసు మళ్ళినకొద్దీ పాడయ్యే రకం. తక్కిన 89టికి గడువు పెట్టి మార్చినా ఒరిగేదేమీ లేదు. నొప్పిలేని కడుపుకు ఏటేటా ఆపరేషను చేయడమన్నమాట!

ఈ మాట వినగానే ఖర్చు తప్పిందని సంతోషించే యజమానులుంటారు. ముట్టుకోవద్దంటే చూడవద్దని కాదు గదా! 2020 మే 7 తెల్లవారుజామున, విశాఖ దగ్గర వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడి 12 మంది ప్రాణాలు తీసింది. లాక్‌డౌన్‌లో ఆగి ఉన్న కర్మాగారం అది. ట్యాంకు నడుమా పైనా వేడి కొలిచే సాధనాలు లేవని విచారణ సంఘం తేల్చింది. పై భాగాన వేడి పెరుగుతూంటే అడుగున ఉన్న సాధనానికి ఏం తెలుస్తుంది? మా వాడి తరగతిలో ఇటువంటివన్నీ చెబుతారు. ఎక్కడ కొలవాలి, ఎంతకొకసారి కొలవాలి, అంకె పెరిగితే ఎవరిని నిద్ర లేపాలి అని.

నా ఫిర్యాదు ఒక్కటే. రుసుము కర్మాగారంవారు కడుతున్నారు, గంటలు మాత్రం మావాడి నిద్రలోనివి. పగలు డ్యూటీ, రాత్రి పాఠం. మర్నాడు తిరిగే యంత్రాల మధ్య కునుకుపాట్లు. ఆ చదువు డ్యూటీలో భాగం కావాలి. ఇంకొకటి. తెర కంటికీ చెవికీ నేర్పుతుంది గాని చేతికి నేర్పలేదు. అదే షెడ్డులో ఒక పాత మేస్త్రీగారున్నారు. స్క్రూడ్రైవరు మొన మోటారుకు ఆనించి, పిడి చెవికి ఆనించి, “దీన్ని ఇప్పుడు కదపకండి, నెలాఖరుకు చూద్దాం” అంటారట. ఆయన చెప్పిందీ, గీతల పటం చెప్పిందీ పక్కపక్కన రాసి చూస్తున్నాడు మావాడు, ఒక నోటుపుస్తకంలో. త్వరగా రాయమన్నాను. మేస్త్రీగారు వచ్చే మార్చిలో రిటైరవుతున్నారు.