ఏ తలుపుకు కాపలా?

పెద్దల జీవితాలను విద్యార్థులకు చెప్పే పద్ధతి ఒకటి మనలో స్థిరపడిపోయింది: దీక్షగా చదివాడు, పెద్ద పదవి పొందాడు, కనుక మీరూ చదవండి. ఆ మధ్య మా వేంసూరులో ఒక సభలో జస్టిస్ కోకా సుబ్బారావుగారిని గురించి ఇదే ధోరణిలో ప్రసంగం విన్నాను. స్వశక్తితో పైకి వచ్చిన తెలుగు బిడ్డ అన్నారు. ఈ పొగడ్తను నేను ఒప్పుకోలేను.

ఆయన 1902లో రాజమహేంద్రవరంలో పుట్టారు. మద్రాసులో లా చదివి మామగారి ఆఫీసులో జూనియరుగా చేరారు. మామగారు హైకోర్టు జడ్జీ అయిన తరువాత బావమరిది రాజమన్నారుగారితో కలిసి ప్రాక్టీసు చేశారు. 1948లో బావమరిది మద్రాసు ప్రధాన న్యాయమూర్తి. ఆ యేడే ఈయన అదే హైకోర్టులో జడ్జీ. 1954లో ఆంధ్ర హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, 1958లో సుప్రీంకోర్టు జడ్జీ, 1966లో దేశానికే ప్రధాన న్యాయమూర్తి. ప్రతిభ లేదని నేననను. అంతే ప్రతిభ గల పాలేరు కొడుకుకు ఆ ఆఫీసు తలుపు తెరుచుకునేదా అని అడుగుతున్నాను.

ఆనాటి సివిలు ప్లీడరీకి ప్రాణం ఏమిటి? పంపకాలు, దత్తతలు, జమీందారీ తగాదాలు. కుటుంబమంటే ఆస్తి, ఆస్తి అంటే భూమి. ఆ వాతావరణపు వాసన 1967 ఫిబ్రవరి 27 నాటి గోలక్‌నాథ్ తీర్పులో కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. జలంధరులో సుమారు 500 ఎకరాలున్న ఒక కుటుంబం పంజాబు భూసంస్కరణ చట్టం మీద కోర్టుకెక్కింది. ప్రాథమిక హక్కులను సవరించే అధికారం పార్లమెంటుకు లేదని ఆరుగురు జడ్జీలు అన్నారు, అయిదుగురు కాదన్నారు. ఆ ఆరుగురికి సుబ్బారావుగారు పెద్ద. పాత సవరణలను మాత్రం రద్దు చేయలేదు గనుక ఆ కుటుంబానికి భూమి దక్కలేదు. అయినా దేశంలోని భూస్వాములందరికీ అది అభయహస్తమైంది. నెలన్నర తిరగకుండానే జడ్జీగారు రాజీనామా యిచ్చి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి నిలబడి, జాకిర్ హుస్సేను చేతిలో ఓడిపోయారు.

ఆస్తిహక్కు ఎవరి మీద కత్తి అవుతుందో మా ప్రాంతంలో వివరించి చెప్పనక్కరలేదు. భద్రాచలం వైపు అడవి అంచున గిరిజన భూమి గిరిజనేతరుల పాలు కాకుండా చేసిన 1970 నాటి రెగ్యులేషనును కూడా ఆ హక్కు పేరుతోనే కోర్టుకు ఈడ్చారు. 1988లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టవలసి వచ్చింది.

ఇక్కడితో ఆపి, భూస్వాముల జడ్జీ అని ముద్రవేసి పుస్తకం మూసేసే మిత్రులున్నారు. వారితోనూ నాకు పేచీయే. 1962లో ఖడక్‌సింగ్ కేసు వచ్చింది. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైనవాడి ఇంటిమీద పోలీసులు నిఘా పెట్టి, అర్ధరాత్రి తలుపు తట్టేవారు. అర్ధరాత్రి సోదా ఒక్కటే తప్పని మెజారిటీ జడ్జీలు సరిపెట్టుకున్నారు. నిఘా మొత్తం చెల్లదని, ఏకాంతం స్వేచ్ఛలో భాగమని సుబ్బారావుగారు విడిగా తీర్పు రాశారు. ఆ మాటను 2017లో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం తలకెత్తుకున్నది. 1975 ఎమర్జెన్సీలో అర్ధరాత్రి అరెస్టులు చూసినవారికి ఈ హక్కు విలువ తెలియనిది కాదు.

కాబట్టి విగ్రహమూ వద్దు, వెలివేతా వద్దు. ఒకే జడ్జీ పేదవాడి గుడిసె తలుపుకూ కాపలా కాశాడు, భూస్వామి గాదె తలుపుకూ కాశాడు. 1978లో 44వ సవరణ ఆస్తిని ప్రాథమిక హక్కుల నుండి తొలగించి రెండు తలుపులూ ఒకటి కాదని తేల్చింది. ఈ తేడా నేర్పని జీవితచరిత్ర విద్యార్థికి పాఠం కాదు, భజన.