నూటికి రెండు రూపాయలు కుర్రకారుకివ్వండి

విశాఖ నగర ప్రజలకు, జీవీఎంసీ కార్పొరేటర్లకు విన్నపం

జ్ఞానాపురంలో, వన్‌టౌన్‌లో, మల్కాపురంలో కాపురముండే వాళ్లకి గాలి సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. పొద్దున తుడిచిన గచ్చు మీద సాయంత్రానికి నల్లటి పొడి పేరుకుంటుంది. ఒకపక్క పోర్టులో బొగ్గు గుట్టలు, ఇంకోపక్క చమురుశుద్ధి కర్మాగారం, ఎరువుల ఫ్యాక్టరీ. ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ. చలికాలం రాత్రుళ్లు పొగ పైకి పోలేక ఈ కొండల మధ్యే ముసురుకుంటుంది.

ఇది ఢిల్లీకి తెలియనిదేం కాదు. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో మన నగరం ఉంది. 2025-26 నాటికి గాలిలో ధూళిని 40 శాతం దాకా తగ్గించాలన్నారు. డబ్బూ విడుదల చేశారు. ఆ డబ్బు ఎటు పోయిందో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో దేశం మొత్తానికి లెక్క తీసింది. 64 శాతం రోడ్ల దుమ్ముకే ఖర్చయింది. పరిశ్రమల కాలుష్యానికి ఒక్క శాతం కూడా దక్కలేదు. రోడ్లు ఊడవడం తప్పని మేమనం. ఏ వీధిలో, ఏ వేళ, ఎవరి పొగ పీలుస్తున్నామో తెలియకుండా ఊడిస్తే మాత్రం చీపురుకే పని.

తెలుసుకునే ఏర్పాటు ఎంతుందో చూడండి. చేత్తో నమూనా తీసే కేంద్రాల్లో వారానికి రెండు రోజులే కొలుస్తారు. మిగతా అయిదు రోజుల్లో ఏం లేచినా ఏ కాగితానికీ ఎక్కదు. రోజంతా నడిచే యంత్రం రామ్‌నగర్‌లో ఉంది, కానీ అది చెప్పేది రామ్‌నగర్ గాలి గురించే.

పైగా కంటికి కనిపించేది బొగ్గు కాబట్టి తిట్లన్నీ బొగ్గుకే పడుతున్నాయి. ఆ పొడిలో ఎక్కువ భాగం ముతక రేణువులే. ముక్కును, గొంతును, శ్వాసనాళాలను పట్టి పీడిస్తాయి. లారీల డీజిల్ పొగలో, తగలబెట్టిన చెత్తలో ఉండే సన్న రేణువులు కనిపించవు. అవి ఊపిరితిత్తుల అడుగుకు చేరి, అక్కణ్నుంచి రక్తంలోకీ పోతాయి. ఈ పీఎం 2.5 ఏడాది సగటున ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాముల వరకు ఉండొచ్చని మన దేశ ప్రమాణం. 5 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన పేటలో ఏ రేణువు ఎంత? గాలి ఎటు మళ్లినప్పుడు పిల్లల దగ్గు ఎక్కువవుతోంది?

ఈ ప్రశ్నలకు జవాబు తేవడానికి వీధి వీధీ తిరిగేవాళ్లు కావాలి. ఆ ఓపిక, ఆ చదువు మన డిగ్రీ, పాలిటెక్నిక్, నర్సింగ్ పిల్లల దగ్గరున్నాయి. లేనిది డబ్బు. గాలి పేరున నగరానికి ఏ పథకం కింద ఎంత వచ్చినా, అందులో నూటికి రెండు రూపాయలు 18 నుంచి 29 ఏళ్ల వాళ్లు నడిపే పనులకు విడిగా ఉంచమని అడుగుతున్నాం.

డబ్బు ముందే ఇవ్వాలి. “ఖర్చు పెట్టండి, బిల్లు పెడితే ఇస్తాం” అనే పద్ధతి కాంట్రాక్టర్లకు సరిపోతుందేమో (వాళ్లకీ అంతంతమాత్రమే లెండి), ఆటో డ్రైవర్ కూతురికి సరిపోదు. రెండు విడతలుగా ఇవ్వండి, మొదటి విడత ఖర్చుల లెక్క వార్డు సచివాలయం గోడకి అంటించమనండి. తినేస్తారన్న భయానికి అంతకన్నా మంచి మందు లేదు.

ఈ పిల్లలు గాలిని కొలవడానికి వాడే చవక సెన్సర్లు సరిగ్గా చూపవన్న అభ్యంతరం ఉంది. నిజమే. సముద్రపు తేమలో అవి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. అందుకే ముందు కొన్ని వారాలు వాటిని రామ్‌నగర్ యంత్రం పక్కనే పెట్టి, తేడా సరిచూసుకున్నాకే పేటల్లో బిగించాలి. ఆ పని ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లు నేర్పగలరు. పేర్లు బయటపెట్టకుండా దగ్గు, ఆయాసం వివరాలు ఎలా రాసుకోవాలో ఆంధ్రా మెడికల్ కాలేజీ డాక్టర్లు చెప్పగలరు.

ఒక్క షరతు దగ్గర మాత్రం మేం తగ్గం. పిల్లలు కొలిచిన ప్రతి అంకె అందరికీ కనిపించాలి, అచ్చువేయడానికి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. కంపెనీలు సామాజిక బాధ్యత కింద డబ్బిస్తామంటే సంతోషం. కార్పొరేషన్ ఖాతాలో వేయాలి తప్ప ఏ జట్టుకివ్వాలో వాళ్లు తేల్చకూడదు. పొగ వదిలేవాడే పొగను కొలిచేవాడికి జీతమిస్తే ఏ అంకె వస్తుందో మనకి తెలుసు.

కౌన్సిల్‌లో తీర్మానం పెట్టమని మీ కార్పొరేటర్‌ని ఇంటికెళ్లి అడగండి. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోవడం మరిచిపోకండి.