విప్పినా దారం పోదు

పిల్లలూ, బదిలీ అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. నాకిది ఆరో ఊరు. పెంచిన గులాబీ మొక్కలన్నీ పాత క్వార్టర్ల దగ్గరే ఉండిపోయాయి. వెంట వచ్చింది ఒక్క క్రోషా సూది. మన నరసాపురం వైపు ఆడవాళ్లు లేసు అల్లేది దీంతోనే.

కొత్తగా పట్టేవాళ్లకు టీ గ్లాసు కింద వేసే చిన్న చతురస్రం చాలు. ప్రతి వరుసకూ కుట్లు లెక్కపెట్టాలి; చివరి కుట్టు మరిచిపోతూ పోతే అంచు లోపలికి జరుగుతుంది. నా మొదటిది త్రికోణమైంది! లాగితే మొత్తం ఊడింది, దారం మాత్రం అలాగే ఉంది. మళ్లీ అల్లాను.

కొత్త బడిలో భాష రాకపోయినా, చేతిలో అల్లిక చూసి ఎవరో ఒకరు పక్కన కూర్చుంటారు. అందుకే మగపిల్లలకూ ఆడపిల్లలకూ బడిలోనే ఇది నేర్పాలంటాను. ఊరు మారినా నేర్చిన చెయ్యి మనతోనే వస్తుంది.