200 వచ్చినంత మాత్రాన

ఆటోమేషన్ బృందాల్లో ఒక నమ్మకం గట్టిగా వేళ్లూనుకుంది. సర్వర్ల జాబితాను ఎక్సెల్ షీట్లలో రాసుకునే రోజులు పోయాయట. కంట్రోలర్‌కు అమెజాన్, అజూర్, వీఎంవేర్ ఖాతాలు తగిలిస్తే జాబితా అదే తెచ్చుకుంటుందట. మనం ఏపీఐని అడిగితే చాలు, అది చెప్పిందే నిజమట. ఇంటర్వ్యూల్లోనూ ఈ సమాధానానికే మార్కులు పడుతున్నాయి. ఇందులో సగం నిజం ఉంది. ప్యాచ్ పడని సర్వర్లు దాక్కునేది మిగతా సగంలో.

రెడ్ హ్యాట్ 2017లో ఓపెన్ సోర్స్ చేసిన ఏడబ్ల్యూఎక్స్ కంట్రోలర్‌నే తీసుకుందాం. అన్సిబుల్ ప్లేబుక్‌లు నడిపే చాలాచోట్ల కనిపించేది అదే, లేదా దాని వాణిజ్య రూపం. అందులో హోస్టుల జాబితా వేరు, ఆ హోస్టులు ఎక్కడినుంచి వచ్చాయో చెప్పే ఇన్వెంటరీ సోర్సుల జాబితా వేరు. అందరూ మొదటిదాన్ని అడిగి తృప్తిపడతారు. రెండోదాన్ని అడిగే స్క్రిప్టులు అరుదు. నా తగాదా అక్కడే. ఏ క్లౌడ్, ఏ క్రెడెన్షియల్, ఏ ఫిల్టర్, చివరి సింక్ ఎప్పుడు, అది నెగ్గిందా లేదా అన్న సంగతులన్నీ రెండోదానిలోనే ఉంటాయి. వాటిని చదవకుండా హోస్టుల జాబితాను నమ్మడమంటే తేదీ, సంతకం చూడకుండా కాగితాన్ని నమ్మడమే.

ఆ సోర్సులను ఒక గెట్ రిక్వెస్టుతో అడిగితే జేసన్ వస్తుంది: కౌంట్, నెక్స్ట్, ప్రీవియస్, రిజల్ట్స్. మామూలుగా పేజీకి 25 రికార్డులు. నెక్స్ట్ పట్టుకుని ముందుకెళ్లని స్క్రిప్టు ఆ 25తోనే ఇల్లు చేరుతుంది. అది కొత్తవాళ్ల తప్పు, ఎవరో ఒకరు పట్టుకుంటారు.

అంత తేలిగ్గా పట్టుబడనిది హక్కుల వ్యవహారం. టోకెన్ ఎవరిదో వాళ్లకు చూసే హక్కున్న సోర్సులే వస్తాయి, కౌంట్ కూడా ఆ మేరకే ఉంటుంది. అడ్మిన్‌కు 40 కనిపించేచోట ఆడిట్ ఖాతాకు 31 కనిపించాయనుకోండి. ఇద్దరికీ వచ్చేది అదే పచ్చటి 200, అంటే అంతా సవ్యమన్న జవాబు. ఇంకో తొమ్మిది ఉన్నాయి, నీకు చూపడం లేదు అని ఏపీఐ చెప్పదు. చెప్పకపోవడమే భద్రతకు మంచిది కూడా. ఆడిట్‌కు తక్కువ హక్కులున్న ఖాతా ఇవ్వడం మంచి పద్ధతి అంటారు కదా, ఆ మంచి పద్ధతే జాబితాను కుదిస్తుంది. ఆ 31 పట్టుకుని మా సంస్థలో ఉన్నవన్నీ ఇవే అని రిపోర్టు రాసినవాడిది తప్పు, ఏపీఐది కాదు.

దీనికన్నా మొండిది ఫిల్టర్. అమెజాన్ ముంబై రీజియన్ 2016లో మొదలైంది. హైదరాబాద్ రీజియన్ వచ్చింది 2022 నవంబరులో. ముంబై ఒక్కటే ఉన్నప్పుడు ఎవరో సోర్సు వేరియబుల్స్‌లో ఆ ఒక్క రీజియన్ పేరే రాసి పెట్టారు. తర్వాత మరో బృందం కొత్త మెషీన్లను హైదరాబాద్‌లో లేపింది. రోజూ సింక్ జరుగుతుంది, స్టేటస్ సక్సెస్‌ఫుల్, లాస్ట్ అప్‌డేటెడ్ ఇవాళ్టిదే. హైదరాబాద్ మెషీన్లు మాత్రం ఒక్కటీ అందులో లేవు. ఇక్కడ ఏదీ పాడవలేదు, ఎర్ర లైటూ వెలగదు. అడిగిన ప్రశ్నకు సరైన జవాబే వచ్చింది, కానీ ఆ ప్రశ్నకు కాలం చెల్లింది. సోర్సు రికార్డు తెరిచి వేరియబుల్స్ చదివిన మనిషికి తప్ప ఇది కనిపించదు.

జాబితాలో ఉండకూడనివి ఉండటం ఇంకో రకం. సోర్సులో ఓవర్‌రైట్ అనే గడి మొదట్లో ఆఫ్‌లో ఉంటుంది. అలా ఉన్నంతకాలం క్లౌడ్‌లో తీసేసిన సర్వర్లు ఇన్వెంటరీలో అలాగే ఉండిపోతాయి, ఓటరు జాబితాలో చనిపోయినవాళ్ల పేర్లలాగా. ఆన్ చేస్తేనో, క్రెడెన్షియల్ హక్కులు ఎవరో తగ్గించిన రోజున బతికున్నవి కూడా మాయమవుతాయి. ఏది పెట్టాలన్నది ఆ చోటు తెలిసినవాళ్లు తేల్చాలి. అయినా ఎక్కువమంది దాన్ని చూసి కూడా ఉండరు.

ఎక్సెల్ కన్నా ఈ ఏపీఐ జాబితా వెయ్యి రెట్లు నయం కదా అంటారు. నయమే, కాదనను. కానీ ఎక్సెల్ పాతబడిందని అందరికీ తెలుసు కాబట్టి దాన్ని ఎవరూ పూర్తిగా నమ్మలేదు. ఫోన్ చేసి అడిగేవాళ్లు, లాగిన్ అయి చూసేవాళ్లు. ఏపీఐ వచ్చాక ఆ అనుమానం పోయింది. జాబితా మెరుగైంది నిజమే, దాన్ని మించి నమ్మకం పెరిగింది.

అమెరికా క్రెడిట్ రిపోర్టింగ్ సంస్థ ఈక్విఫాక్స్‌లో జరిగింది ఈ నమ్మకం కథే. 2017 మార్చిలో అపాచీ స్ట్రట్స్ లోపం బయటపడింది, ప్యాచ్ కూడా వచ్చింది, 48 గంటల్లో వేయమని లోపల ఆదేశమూ వెళ్లింది. స్కానర్ నడిపారు, అది ఏమీ కనిపించలేదంది. లోపమున్న సర్వర్ మాత్రం అలాగే ఉంది. మే నెలలో దొంగలు చొరబడ్డారు, జులై చివరిదాకా ఎవరికీ తెలియలేదు, సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. సంస్థకు పూర్తి ఐటీ ఆస్తుల జాబితా లేదని అమెరికా సెనేట్ ఉపసంఘం 2019 నివేదికలో తేల్చింది. స్కానర్ ఏమీ లేదన్నాక ఇంకెక్కడ చూడాలో చెప్పే కాగితం అక్కడ లేదు.

మళ్లీ ఏడబ్ల్యూఎక్స్‌కు వస్తే, అప్‌డేట్ ఆన్ లాంచ్ అనే గడి ఆన్ చేస్తే సరిపోతుందన్నది ఇంకో జవాబు. ప్లేబుక్ మొదలయ్యే ముందు సోర్సు తాజా అవుతుంది, సింక్ విఫలమైతే జాబ్ కూడా ఆగిపోతుంది. నాకు నచ్చింది ఆ ఆగిపోవడమే, అందులో నిజాయితీ ఉంది. కానీ గచ్చిబౌలి రాత్రి షిఫ్టులో అమెరికా సర్వర్లకు ప్యాచ్ వేసే కుర్రాడికి రెండు గంటల విండో ఉంటుంది. జాబ్ రెండుసార్లు ఆగితే మూడోసారి ఎవరో ఆ గడిని ఆఫ్ చేస్తారు. క్యాష్ టైమవుట్ పెంచడమూ అలాంటి సర్దుబాటే. పైగా ముంబై అని మాత్రమే రాసి ఉన్న ఫిల్టర్‌ను ఎన్నిసార్లు తాజా చేసినా హైదరాబాద్ రాదు.

కాబట్టి నేనడిగేది పెద్ద పని కాదు. ప్యాచ్ రిపోర్టు తయారుచేసే స్క్రిప్టు హోస్టుల కన్నా ముందు సోర్సులను తేవాలి, చివరి పేజీదాకా, ఏ ఖాతాతో తెచ్చిందో రిపోర్టు నెత్తిన రాస్తూ. ప్రతి సోర్సు పక్కన చివరి సింక్ తేదీ, అది విఫలమైందా లేదా, ఓవర్‌రైట్ ఉందా, ఏ రీజియన్లు అడిగింది అన్నవి అచ్చు కావాలి. క్లౌడ్ బిల్లులో ఉన్న రీజియన్లతో వాటిని పోల్చి, తేడా ఉంటే స్క్రిప్టు అక్కడే ఆగాలి. బిల్లును సాక్షిగా ఎందుకు పిలవాలంటే, మనం మరిచిపోయిన మెషీన్‌కు కూడా అమెజాన్ డబ్బు వసూలు చేయడం మరిచిపోదు.