చెపాక్‌లో మనం పరాయోళ్ళం

తిరుపతి నుంచి ఉప్పల్‌కి రాత్రంతా ప్రయాణం, చెన్నైకి మూడు నాలుగు గంటలే. అందుకే నేను సన్‌రైజర్స్ మ్యాచ్‌లు చూసేది చెపాక్‌లో. అవతలి జట్టు అభిమానికి అంత కష్టమైన గ్రౌండ్ ఇంకోటి ఉండదేమో!

తిట్టరండోయ్. 1999లో టెస్టు గెలిచిన పాకిస్తాన్‌కే లేచి చప్పట్లు కొట్టిన జనం. కానీ ఆ ఉక్కపోత, చెవిలో విజిళ్ళు... మనోడు ఫోర్ కొడితే మాత్రం నిశ్శబ్దం. అందులో ఒక్కడినే అరవాలి :)

2013లో మొదలైన జట్టు అక్కడ చెన్నైని మొదటిసారి ఓడించింది 2025 ఏప్రిల్ 25న. ఐదు వికెట్లతో. ఆ రాత్రి తిరుగు బస్సులో సగం మంది మన తిరుపతోళ్ళే, అందరివీ పసుపు చొక్కాలే!

పక్క సీటు కుర్రాడు అడిగాడు: "హైదరాబాద్ ఇప్పుడు మన రాష్ట్రం కూడా కాదు గదన్నా, నీకెందుకు?"

చెన్నై మాత్రం మనదా అబ్బాయ్?